బావగారి సైలెన్సర్

విశాఖపట్నంలో ఉక్కు తయారుచేసే కర్మాగారం ఉంది, ఆ ఉక్కును తినేసే సముద్రమూ ఉంది. రెండింటిలో నష్టాలెరగకుండా నడిచేది సముద్రం ఒక్కటే. గేటు చువ్వలు, కిటికీ ఊచలు, ఏసీ బయటి పెట్టె, దేన్నీ వదలదు. అందుకని ఈ ఊళ్లో ఏ ఇనప ముక్క పాడైనా నేరం సముద్రం మీదకే నెట్టేస్తారు. మా బావగారూ అంతే.

ఆయనకో కారుంది. రోజూ పొద్దున్నే పసుపు గుడ్డతో తుడుస్తారు. బానెట్‌లో మొహం చూసుకుని గడ్డం గీసుకోవచ్చు. అంత ముద్దుగా చూసుకునే బండి కనుక ఎక్కువ తిప్పరు. వారానికోసారి రైతు బజారుకు వెళ్తుంది, వంకాయలెక్కించుకుని వెనక్కి వచ్చేస్తుంది. ఆ కారు ఒకరోజు బుల్లెట్టు బండిలా డుబడుబలాడటం మొదలెట్టింది.

“పికప్ పెరిగిందోయ్!” అన్నారు బావగారు, మీసం సవరించుకుంటూ.

షెడ్డులో బండిని పైకి లేపాక మెకానిక్ కుర్రాడు సైలెన్సర్‌ని స్క్రూడ్రైవర్‌తో మెల్లగా పొడిచాడు. స్క్రూడ్రైవర్ ఇటు దూరి అటు తేలింది.

“సముద్రపు గాలండీ, ఏం చేస్తాం,” అన్నారు బావగారు.

“గాలి పైపైన గీకిందండి. లోపల్నుంచి తిన్నది మాత్రం మీ రైతు బజారేనండి,” అన్నాడు వాడు.

వాడన్నది నిజం. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్లు పుడతాయి. పెట్రోల్లోని హైడ్రోజన్, గాలిలోని ఆక్సిజన్ కలిసి చేసే పని అది. బండి దూరం వెళ్తే గొట్టాలు బాగా వేడెక్కి ఆ నీరంతా ఆవిరిగా బయటికి పోతుంది. వంకాయల కోసం వెళ్లొస్తే గొట్టం వేడెక్కేలోపే ప్రయాణం అయిపోతుంది. ఇడ్లీ పాత్ర మూతకు పట్టినట్టు ఆవిరి నీరై, వెనక డబ్బాలో నిలవుంటుంది. పొగలోని గంధకం, నైట్రోజన్ వాయువులు దాంట్లో కలిసి పల్చటి ఆమ్లం తయారవుతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 ఇంధనం వచ్చి, గంధకం పది లక్షల పాళ్లకు 50 నుంచి 10కి తగ్గింది. నీళ్లను తగ్గించే బీఎస్ మాత్రం ఏదీ రాలేదు.

ఈ సంగతి తెలిసే చాలా సైలెన్సర్లకు అడుగున చిన్న రంధ్రం పెడతారు, నీరు కారిపోవడానికి. బావగారు ఎప్పుడో దాన్ని చూసి, లీకనుకుని, శ్రద్ధగా ఎంసీల్ పెట్టి మూసేశారు. తన చేతిపనిని ఆయనే మాకు చూపించారు కూడా.

చికిత్స దగ్గరా ఆయనకు సొంత వైద్యం ఉంది. “గేటుకు వేసిన రంగు మిగిలిందోయ్, కొట్టేద్దాం.” ఇంజను దగ్గరి గొట్టం వేడి 600 డిగ్రీలు దాటగలదు, గేటు రంగు మాడి పొట్టు రాలుతుంది. “పోనీ, కింద కొట్టే ఆ నల్ల రబ్బరు పూత?” అది బాడీకి. సైలెన్సర్‌కి కొడితే కమురు కంపు, పొగ, ఖర్మ కాలితే మంట.

పైపై తుప్పయితే వైద్యం సులువే. బండి పూర్తిగా చల్లారాక వైర్ బ్రష్‌తో గీకాలి, ఎమరీ పేపర్‌తో రుద్దాలి, థిన్నర్‌తో తుడిచి ఆరనివ్వాలి. తర్వాత వేడికి తట్టుకునే సిల్వర్ పెయింటు పల్చగా రెండు పూతలు. ఆక్సిజన్ సెన్సర్‌కి అంటనివ్వకూడదు. రంగు ఆరాక ఇంజను కొంచెం కొంచెంగా వేడెక్కనిస్తేనే అది గట్టిపడుతుంది. మొదట్లో కాస్త పొగ, వాసన వస్తాయి కాబట్టి ఇదంతా ఆరుబయటే. ఇంజను దగ్గరుండే పోత ఇనుము మానిఫోల్డ్ మీద ఎర్రటి పొడి కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, అది మందమైన సరుకు. స్క్రూడ్రైవర్ దూరిపోయిన డబ్బాకు మాత్రం ఏ రంగూ పనికిరాదు, మార్చడమే.

మార్చేటప్పుడు స్టెయిన్‌లెస్ అని చెబితే రకం అడగాలి. కార్లలో ఎక్కువగా వాడే 409 రకంలో క్రోమియం 11 శాతం దాకా ఉంటుంది. పైన గోధుమరంగు పట్టినా చాలాకాలం ఆగుతుంది, అయస్కాంతానికి అతుక్కుంటుంది. 304లో క్రోమియం 18, నికెల్ 8 శాతం. దానికి అయస్కాంతం పెద్దగా అతుక్కోదు. ఇది విని బావగారు ఫ్రిజ్‌కి అతుక్కున్న తిరుపతి అయస్కాంతం బొమ్మను జేబులో వేసుకుని విడిభాగాల కొట్టుకు బయల్దేరారు. స్వామి జారి కిందపడబోతే, భక్తుడి మొహం అంతలా వెలగడం నేనెప్పుడూ చూడలేదు.

తర్వాత మెకానిక్ మందుచీటీ చెప్పాడు. వారానికోసారైనా అరగంటకు తగ్గకుండా ఆగకుండా నడపాలి. చల్లారిన బండి అడుగుభాగం మంచినీళ్లతో కడగాలి. బోరునీళ్లు ఉప్పగా ఉంటే అవి వద్దు. కడిగాక ఓ చుట్టు తిప్పి ఆరబెట్టాలి.

“అయితే భీమిలి వెళ్దాం,” అంది అక్క వెంటనే.

“మళ్లీ ఉప్పుగాలా? ఆనందపురం వైపు వెళ్దాం,” అన్నారు బావగారు. అక్క ఎన్నేళ్లు బతిమాలినా షికారుకు కదలని మనిషి, ఇప్పుడు ఆదివారం నాలుగు గంటలకల్లా చొక్కా ఇస్త్రీ చేసుకుని సిద్ధం. ఎవరి కోసమైతేనేం, అక్క సంతోషంగానే ఉంది.

మీ బండి కూడా ఉన్నట్టుండి బుల్లెట్టులా మోగితే పికప్ అని మురిసిపోకండి. కన్నం పడ్డ గొట్టం నుంచి కార్బన్ మోనాక్సైడ్ కారు లోపలికి రావచ్చు. దానికి రంగూ లేదు, వాసనా లేదు, మనిషిని చంపగలదు. అద్దాలన్నీ దించుకుని, ఆలస్యం చేయకుండా షెడ్డుకు వెళ్లండి. వంకాయలు తర్వాత కొనుక్కోవచ్చు.