పదకొండు గీతలు

నేను జెల్ పెట్టెను. రెండు గాజు పలకలు, ఒక ప్లాస్టిక్ తొట్టి, సన్నని ప్లాటినం తీగలు, ఎర్ర వైరు, నల్ల వైరు. నా ఒళ్లంతా ఇంతే. పశువైద్య కళాశాల వైరాలజీ గదిలో ఉంటాను. పాలదూడల పేడలో దాగిన వైరస్‌ను బయటపెట్టడం నా పని.

గేదెల ఈనికలు జోరందుకునే చలికాలంలో నాకు తీరికుండదు. ఐస్ డబ్బాల్లో సీసాలు దిగుతాయి. వాటి మీద చీటీలు: ముర్రా దూడ, పది రోజులది, కళ్లు గుంటలు పడ్డాయి, లేవలేకపోతోంది. దూడల పారుడు, అంటే ఈ నీళ్ల విరేచనాలు, ఒక్క రోగం కాదు. పుట్టిన మూడు నాలుగు రోజుల్లోపే పట్టుకుంటే ముందుగా ఇ.కోలై బ్యాక్టీరియాను అనుమానిస్తారు. ఆ తర్వాతైతే రోటా వైరస్, కరోనా వైరస్, క్రిప్టోస్పోరిడియం, వీటిలో ఏదైనా కావచ్చు. పేడ రంగు చూసి తేల్చడం ఎంత అనుభవమున్న డాక్టరుకైనా కుదరదు.

పరిశోధక విద్యార్థిని ఫినాల్, క్లోరోఫాంలతో పేడ నుంచి ఆర్‌ఎన్‌ఏను వేరుచేసి నా జెల్ గుంటల్లో వేస్తుంది. రాత్రంతా నాలో కరెంటు పారుతుంది. రుణావేశమున్న ఆర్‌ఎన్‌ఏ ధనధ్రువం వైపు దిగుతుంది. చిన్న ముక్కలు త్వరగా జారిపోతాయి, పెద్దవి వెనకబడతాయి. తెల్లారాక జెల్‌ను సిల్వర్ నైట్రేట్‌లో నానబెట్టి, ఫార్మల్డిహైడ్ కలిపిన క్షారంలో వేస్తే ముదురు గీతలు తేలతాయి. రోటా అయితే పదకొండు: పైన నాలుగు, తర్వాత రెండు, ఆ కింద ఒకదాన్నొకటి ఆనుకుని మూడు, అడుగున రెండు. ఎ గ్రూపు రోటా వరుస ఇదే. ఆ మూడు గీతల గుంపు కోసమే ఆ అమ్మాయి కళ్లు ముందుగా వెతుకుతాయి.

ఈ వైరస్‌ను దూడల పారుడులో 1969లో నెబ్రాస్కాలో చార్లెస్ మీబస్ బృందం చూపింది. పసిపిల్లల్లో రూత్ బిషప్ బృందం మెల్‌బోర్న్‌లో కనుగొన్నది 1973లో. అంటే దూడే దారి చూపింది. ఢిల్లీలో ఒక పసికందులో దొరికిన 116ఇ రోటా వైరస్‌లో ఒక జన్యు ముక్క పశువులదే. ఆ వైరస్‌తోనే హైదరాబాద్‌లో పిల్లల టీకా రోటావాక్ తయారైంది. పేడసీసాలను చూసి ముక్కు మూసుకునేవాళ్లకు ఈ సంగతి తెలియాలి.

కరోనా నాకు చిక్కదు. దాని ఆర్‌ఎన్‌ఏ ముక్కలుగా ఉండదు, ఒకటే పొడవాటి పోగు. రోటా అయినా మరీ కొద్దిగా ఉంటే నాలో కనబడదు. అందుకే గీతలు రాని నమూనా ఆర్‌టీ-పీసీఆర్ యంత్రానికి వెళ్లాలి. గీత లేదు కనుక వైరస్ లేదని రాసేస్తే నాకు కష్టమనిపిస్తుంది. ఆ మాట నేను చెప్పలేదు.

నేను తేల్చేలోపు ఆ దూడను నిలబెట్టేది ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్లే. రోటా సన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. పాలు అరగవు, ఒంట్లో నీరంతా పోతుంది. దూడ చనిపోయేది ఎక్కువగా ఆ నీరు పోవడం వల్లే. నా గీతలు అక్కరకొచ్చేది ఆ దూడ ఉన్న పాకలో ఇంకా ఈనబోయే గేదెలకు. డాక్టరుగారు ఫోనులో రైతుకు చెబుతుంటారు:

“రోటా అని తేలింది, బాబాయ్. ఆ వైరస్ పేడలో నెలల తరబడి బతుకుతుంది. చూడిగేదెను వేరే చోట కట్టేయండి. ఈనగానే, మొదటి గంట రెండు గంటల్లోనే దూడకు ముర్రుపాలు తాగించండి. మాయ పడేదాకా ఆగొద్దు.”