తప్పంతా మానవుడిదేనండి!

మా గోదావరి జిల్లాల్లో కరెంటు స్తంభం మీద ఎవరైనా పోతే, విచారణ నివేదిక రాకముందే అందులో ఏముంటుందో టీకొట్టు దగ్గర చెప్పేస్తారు. ‘మానవ తప్పిదం’. విచిత్రమేమిటంటే ఆ మానవుడు ఎప్పుడూ స్తంభం ఎక్కినవాడే. ఎక్కమని పురమాయించినవారు, ఫోన్లో సరేనన్నవారు, ఫీడర్ పేరు చెరిగిపోయిన బోర్డుకి రంగు వేయించనివారు మానవుల కిందకి రారు కాబోలు.

33/11 కేవీ సబ్‌స్టేషన్లో పద్ధతి కాగితం మీద ముచ్చటగా ఉంటుంది. లైన్‌మన్ ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్, అడగాలి. ఆపరేటర్ ముందు బ్రేకర్ తీయాలి, ఆ తర్వాతే ఐసొలేటర్. వరస తిరగబడి, లోడు మీద ఐసొలేటర్ లాగారో, మంట మొహం మీదకే వస్తుంది. దాన్ని ఆర్పే ఏర్పాటు బ్రేకర్లో ఉంది, ఐసొలేటర్లో లేదు. ఎల్‌సీ నంబరు, టైము రిజిస్టర్లో ఎక్కించాలి. విన్నవాడు తిరిగి చదివి వినిపించాలి. పనిచేసే చోటుకి రెండు వైపులా ఎర్త్ రాడ్లు తగిలించాకే తీగ ముట్టుకోవాలి.

ఇక జరిగేది ఇదీ:

“బాబాయ్, సప్లై తీసేశారా?”

“ఆయ్, తీసేశానబ్బాయ్.”

“లంక ఫీడరే కదండీ?”

“ఆయ్!”

ఎల్‌సీ అయిపోయింది. ఏ లంకో వాడు చెప్పలేదు, ఈయన అడగలేదు. కోనసీమలో లంకలకి కరువా? పైగా ఒకే స్తంభం మీద రెండు ఫీడర్లు వెళ్లే చోట ఒకదానికి సప్లై తీస్తే రెండోది ఛార్జ్‌లోనే ఉంటుంది. చూడ్డానికి రెండూ కవలపిల్లలే.

భీమవరం, ఉండి, ఆకివీడు వైపు ఇంకో వింత. రొయ్యల చెరువులో ఏరేటర్లు ఆగితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. రాత్రిపూట ఆగితే తెల్లారేసరికి పెట్టుబడంతా తేలిపోతుంది. అందుకని కరెంటు పోగానే గట్టు మీద జనరేటర్ లేస్తుంది. తప్పేం లేదు. కానీ చేంజోవర్ స్విచ్ పెట్టుకోకపోతే ఆ 415 వోల్టులు ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనకనుంచి దూరి, 11,000 అయి పైకెక్కుతాయి. సబ్‌స్టేషన్లో బ్రేకర్ తీసే ఉంది. రిజిస్టర్లో నంబరూ ఉంది. ఆపరేటర్ అబద్ధం ఆడలేదు. ఎర్త్ రాడ్ తగిలించకుండా ఎక్కిన లైన్‌మన్ మాత్రం తీగ మీద చెయ్యేశాడు. రొయ్యకి ఊపిరి ఆడుతూనే ఉంది.

నిబంధనలు లేవా అంటే, బోలెడు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో భద్రతా నిబంధనలు ఇచ్చింది, 2023లో కొత్తవి తెచ్చింది. ఏటా మార్చి 4న జాతీయ భద్రతా దినోత్సవం కూడా చేసుకుంటాం. ఆవేళ గ్రూప్ ఫొటోలో ఎండలో నించున్న ప్రతివారికీ హెల్మెట్ ఉంటుంది, ఆఫీసు కుర్చీ వదలని గుమాస్తాగారితో సహా.

జపాన్‌లో రైలు డ్రైవర్ సిగ్నల్ కేసి వేలు చూపించి, రంగు పైకి చెబుతాడు. మన ఆపరేటర్‌ని కూడా స్విచ్ వేసేముందు ఫీడర్ పేరు పైకి చదవమంటే, ‘నాటకాలేంటండీ’ అని నవ్వుతారు. అంత అభినయం వద్దనుకుంటే తాళంకప్ప ఉంది. తీసిన ఏబీ (ఎయిర్ బ్రేక్) స్విచ్‌కి తాళం వేసి, చెవి ఎక్కినవాడి జేబులో పెట్టండి. వాడు దిగేదాకా ఆ స్విచ్ ఎవరూ వేయలేరు, ఎమ్మెల్యేగారు ఫోన్ చేసినా సరే. ఇంత చవకైన పని మీద కమిటీ వేయడం కుదరదు. అదే దాంతో చిక్కు.

ఫోనంటే గుర్తొచ్చింది. లైన్‌మన్ ఎల్‌సీ నంబరు అడుగుతున్న క్షణంలోనే ఆపరేటర్ రెండో ఫోన్ మోగుతుంది. “ఎంతసేపండీ బాబూ, సీరియల్ అయిపోతోంది!” ఆ కంగారులో ఒక అంకె అటూ ఇటూ అయితే అది కూడా మానవ తప్పిదమే, కాకపోతే ఆ మానవులం మనం. ఈసారి కరెంటు పోతే దయచేసి సబ్‌స్టేషన్‌కి చేయకండి. 1912 ఉంది, అక్కడ అడగండి.