కరాచీ, వయా మైలవరం

2025 మేలో పాకిస్తాన్‌తో పోరు నడిచినప్పుడు, టీవీ ఛానెళ్లు తమ కార్యక్రమాల్లో వైమానిక దాడి సైరన్ మోత వాడొద్దని కేంద్ర హోం శాఖ సలహా ఇచ్చింది. వినివిని జనానికి అలవాటైపోతే, రేపు నిజంగా విమానాలు నెత్తిమీదికొచ్చినా 'ఆఁ, టీవీయేలే' అనుకుంటారట. సబబే. నా బెంగల్లా ఒక్కటే. సైరన్ అయితే తీసేశారు, మరి ఆ సైరన్ మోతలో మనం గెలుచుకున్న ఆస్తుల సంగతేమిటి?

ఆ నెల 8 రాత్రి గుర్తుందిగా! మన నావికాదళం కరాచీ పోర్టును తగలబెట్టింది. మన సైన్యం ఇస్లామాబాద్‌ను పట్టేసింది. వాళ్ల సైన్యాధిపతికి సంకెళ్లు పడ్డాయి. అదంతా స్టూడియో దాటి బయటికి రాలేదని తెల్లారాక తెలిసిందనుకోండి. అయినా ఒకసారి స్వాధీనంలోకి వచ్చిన భూమిని వదులుకోవడం మా మైలవరం వాళ్ల వంటికి పడదు.

అసలెందుకు నమ్మామో చెప్పాలి. మా ఊళ్లో ఎదురూబొదురూ రెండు టీ కొట్లు. ఒకదాంట్లో తెలుగుదేశం వైపు పసుపు ఛానెల్, రెండోదాంట్లో జగన్ గారి వైపు నీలి ఛానెల్. 2018లో విశాఖ ఎయిర్‌పోర్టులో జగన్ గారికి కోడికత్తి గుచ్చుకుంటే ఇటు పక్క నాటకం, అటు పక్క హత్యాయత్నం. ఆ కోడికత్తి చివరికి ఉగ్రవాద కేసులు చూసే ఎన్ఐఏ దాకా వెళ్లింది. ఏది ఉగ్రవాదమో, ఏది కాదో మన దగ్గర చట్టం కాదు, రిమోట్ తేలుస్తుంది. 2024లో విజయవాడ సింగ్‌నగర్లో జగన్ గారి మీద పడిన రాయిదీ అదే కథ. వాన పడిందన్నా ఒప్పుకోని ఈ రెండు కొట్లలోనూ ఆ రాత్రి కరాచీ ఒకే మంటతో మండింది. "ఈ రెండూ ఒకే మాటంటున్నాయంటే నిజమే బాబాయ్" అన్నాడు టీ మాస్టరు. అంతకు మించిన రుజువు ఏ కోర్టులో దొరుకుతుంది?

ఇక పాలనా ఏర్పాట్లు. ముందు పోర్టు. బందరు పోర్టుకి 2008లో వైఎస్, 2019లో చంద్రబాబు, 2023లో జగన్ శంకుస్థాపనలు చేశారు. ఒక పోర్టుకి ముగ్గురు ముఖ్యమంత్రులు, మూడు శిలాఫలకాలు. కరాచీకి ఒక్క కొబ్బరికాయ కొట్టకుండా ఒక్క రాత్రిలో వచ్చేసింది. కాలిపోయిన పోర్టే కావచ్చు, బాగు చేసుకుందాం. మామిడి సీజను కదా, మా రసాలూ బంగినపల్లీ నున్న మార్కెట్లో దళారీ చెప్పిన రేటుకి తెగనమ్ముకునే బదులు నేరుగా కరాచీలో ఓడ ఎక్కించొచ్చు.

తర్వాత రాజధాని. అమరావతిని 2015లో ఒకసారి, 2025 మే రెండో తారీఖున ఇంకోసారి ప్రధాని చేతుల మీదుగా మొదలుపెట్టించాం. సరిగ్గా ఆరు రోజులకి, ప్లాను ప్రకారం కట్టి, రోడ్లేసి, పార్లమెంటు కూడా ఉన్న రెడీమేడ్ రాజధాని చేతికొచ్చింది. ల్యాండ్ పూలింగ్ లేదు, కౌలు బకాయిలు లేవు. మా రియల్టర్ ఒకాయన తెల్లారేసరికి 'ఇస్లామాబాద్ ఔటర్‌కి కూతవేటు దూరం' అని బ్రోచర్ రాసుకున్నాడు. నేనే ఆపాను. ముందు రీసర్వే జరగాలి, గట్లు తేలాలి, సగం ఊరు నిషేధిత భూముల 22-ఏ జాబితాలో ఉండే ఉంటుంది అన్నాను.

సచివాలయాలు తెరవాలి. ఒకటో తారీఖు పొద్దున్నే పింఛను రావల్పిండిలో గడప గడపకీ అందాలి. లాహోర్‌కి తహసీల్దారుగా మైలవరం వాడే వెళ్లాలి, ఎందుకంటే బదిలీ మీద ఎక్కడికైనా పోతామని మా వాళ్లు ఎప్పుడూ అంటారు, పోరు. ఆర్టీసీకి కూడా అర్జీ రాశాం. భద్రాచలం బస్సుల్లాగే కరాచీ బస్సు కూడా మైలవరం మీదుగానే వెళ్లాలి. స్టాపు ఇవ్వకపోతే ధర్నా.

పదకొండో తారీఖున నావికాదళ అధికారి ఒకరు విలేకరుల ముందుకొచ్చి, కరాచీతో సహా లక్ష్యాలను కొట్టడానికి సిద్ధంగా మోహరించి ఉన్నామని చెప్పారు. సిద్ధంగా ఉన్నాం అన్నారు, అంతే. కొట్టామనలేదు. మా బస్సు రద్దయింది.

ఇంతవరకూ మనకి నవ్వులాటే. పూంఛ్‌లో కాదు.

ఆ మే ఏడో తారీఖున పాకిస్తాన్ ఫిరంగి గుళ్లకి సరిహద్దు పట్టణం పూంఛ్‌లో చనిపోయిన వాళ్లలో మదర్సాలో పాఠాలు చెప్పుకునే ఒక మౌల్వీ ఉన్నాడు. మన దేశస్థుడు, శత్రువు గుండుకి పోయినవాడు. మన జాతీయ ఛానెళ్లు కొన్ని ఆయన ఫొటో వేసి, భారత దాడిలో హతమైన లష్కర్ ఉగ్రవాది అన్నాయి. పూంఛ్ పోలీసులు ప్రకటన ఇచ్చి ఖండించాల్సి వచ్చింది. ఆయన పెళ్లాం పిల్లలు శవాన్ని పూడ్చుకుంటూ, మా ఇంటాయన టెర్రరిస్టు కాదు మహాప్రభో అని దేశానికి చెప్పుకోవాలి. తర్వాత సవరించుకున్న వాళ్లూ ఉన్నారు. ఈలోపు ఆ ఫొటో మైలవరం వాట్సాప్ గ్రూపుల దాకా వచ్చింది. సవరణ రాలేదు.

అమాయకుల మీద ఉగ్రవాది ముద్ర వేయడం కొత్త జబ్బు కాదు. 2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో పేలుడుకి 9 మంది, ఆపైన పోలీసు కాల్పులకి ఐదుగురు పోయారు. పాతబస్తీ కుర్రాళ్లని పదులకొద్దీ పట్టుకెళ్లారు, ముఖాలకి ముసుగులేసి నడిపించారు, మనం టిఫిను తింటూ చూశాం. వాళ్ల మీద నేరం నిలవలేదు. ప్రభుత్వం పరిహారం ఇస్తే హైకోర్టు దాన్నీ కొట్టేసింది. తర్వాత ఎన్ఐఏ వేరేవాళ్లని బోనెక్కిస్తే 2018లో వాళ్లూ నిర్దోషులుగా బయటికొచ్చారు. పోయిన ప్రాణాలకి జవాబుదారీ ఎవరూ లేరు.

ఆ 2025 మేలోనే ఎనిమిది వేలకి పైగా ఖాతాలు మూసేయమని ప్రభుత్వం నుంచి ఆదేశాలొచ్చాయని ఎక్స్ సంస్థ చెప్పింది. అంత చురుకైన సర్కారుకి టీవీ ఛానెళ్లలో అభ్యంతరంగా వినిపించింది సైరనా! ఆ మోత కింద చెప్పిన అబద్ధం వినపడలేదా? బతికున్నవాళ్ల పరువు తీస్తే దావా వేస్తారు. చచ్చిపోయిన పూంఛ్ పంతులు మీద నింద వేస్తే అది దేశభక్తి అవుతుందా?

ఆయన్ని ఉగ్రవాది అన్న ప్రతి ఛానెలూ అదే ఫొటో, అదే ప్రైమ్ టైములో, అంతే సేపు వేసి క్షమాపణ చెప్పాలి. హోం శాఖ రాయాల్సింది ఆ ఉత్తర్వు.