పరుగు వాచీ పెద్దబాలశిక్ష

ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌కి మీరు పేరిచ్చేశారు. శుభం. నెక్లెస్ రోడ్డు దగ్గర మొదలుపెట్టి, దారిలో తగిలిన ఫ్లైఓవర్లన్నీ ఎక్కి దిగి, గచ్చిబౌలిలో తేలాలి. మొత్తం 42.195 కిలోమీటర్లు. ఇప్పటినుంచి వారానికి నాలుగు రోజులు పరిగెడితే చాలని అనుభవజ్ఞులు చెబుతారు. వాళ్ల మాట పట్టుకుని రేపు తెల్లవారగానే పాత బూట్లు తొడుక్కుని రోడ్డెక్కేరు సుమా! ముందు కొత్త వాచీ కొనాలి. వాచీ లేని పరుగుకి లెక్కాపత్రం ఉండదు, వట్టి చెమటే మిగులుతుంది. ఈ కింది సూత్రాలు శ్రద్ధగా పాటిస్తే జూలై దాకా కాలు కదపాల్సిన పని పడదు.

1. మీకేం కావాలో తేల్చుకోకండి

ఎంత దూరం వచ్చాం, ఎంతసేపైంది, కిలోమీటరుకి ఎన్ని నిమిషాలు పడుతోంది. మారథాన్‌కి తయారయ్యే మనిషికి వాచీ చెప్పాల్సిన ముఖ్య సంగతులు ఈ మూడే. వీటికి తోడు గుండె వేగం, చెమట చేత్తో నొక్కినా పనిచేసే ల్యాప్ బటన్ ఉంటే ఇంకేమీ అక్కర్లేదు. మొదటి మూడూ 2003లో గార్మిన్ తెచ్చిన ఫోర్‌రన్నర్ 201 కూడా చెప్పేది. ఇవాళ చవకరకం పరుగు వాచీలో సైతం అయిదూ ఉంటాయి. అందుకే ‘నాకేం కావాలి?’ అన్న ప్రశ్న ప్రమాదకరం. అడిగారంటే పది నిమిషాల్లో ఎంపిక ముగుస్తుంది. మిగిలిన కాలమంతా పరిగెత్తక తప్పదు.

దానికి బదులు ఎక్సెల్ షీటు తెరవండి. అడ్డంగా మోడళ్లు, నిలువుగా గుణగణాలు రాసుకోండి. గోల్ఫ్ మైదానాల మ్యాపులు, స్కీయింగ్, లోతైన నీళ్లలో డైవింగ్, ఏదీ వదలొద్దు. మీ ఇల్లు కూకట్‌పల్లిలోనే కావచ్చు, మంచు ఎప్పుడు కురుస్తుందో ఎవరు చూశారు? ఆ షీటుని రన్నింగ్ గ్రూపులో పెట్టి ‘అన్నలూ, ఏది బెస్టు?’ అని అడగండి. ఎవరి చేతికి ఏది ఉంటే అదే బెస్టని తేలుతుంది. మార్చి నెల అలా గడిచిపోతుంది.

2. ఉపగ్రహాలను లెక్కపెట్టండి

మన నెత్తిన దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాల్లో అణు గడియారాలుంటాయి. అవి పంపిన సంకేతం చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి వాచీ దూరం లెక్కగడుతుంది. సెకనులో పదిలక్షల వంతు తేడా వస్తే దూరంలో 300 మీటర్లు తప్పుతుంది. కనీసం నాలుగు ఉపగ్రహాలు కనపడితేగాని మీరెక్కడున్నారో వాచీకి సరిగ్గా తెలియదు. 2000 మే దాకా అమెరికా ప్రభుత్వం మామూలు జనానికి అందే సంకేతాన్ని కావాలనే చెడగొట్టి వదిలేది. వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. ఇప్పుడు సాదా వాచీ కూడా కొద్ది మీటర్ల తేడాతో మీ చోటు చెప్పేస్తుంది. మీరు దానితో తృప్తిపడకూడదు.

అమెరికా జీపీఎస్‌తో పాటు రష్యావారి గ్లోనాస్, యూరప్‌వారి గెలీలియో, చైనావారి బెయ్‌దౌ కూడా ఉండాలని పట్టుబట్టండి. ఆపైన ఎల్1, ఎల్5 అని రెండు ఫ్రీక్వెన్సీలూ అందుకునే రకమే కావాలనండి. ఎత్తైన మేడలకు తగిలి చెదిరివచ్చిన సంకేతాన్ని వేరుచేయడానికి ఇది నిజంగా పనికొస్తుంది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో టవర్ల మధ్య పరిగెత్తేవాళ్లకి, కేబీఆర్ పార్కు చెట్లకింద తిరిగేవాళ్లకి తేడా తెలుస్తుంది. మీరు మాత్రం నెక్లెస్ రోడ్డులో పరీక్షించండి. ఒక పక్క హుస్సేన్ సాగర్, పైన అడ్డులేని ఆకాశం. అక్కడ పదిహేను వేల వాచీ, లక్ష రూపాయల వాచీ ఒకే గీత గీస్తాయి. ‘అబ్బ, ఎంత కచ్చితంగా ఉందో!’ అని లక్ష రూపాయల దాన్నే మెచ్చుకోండి.

దేశభక్తి గలవారు ఇంకో మెట్టు ఎక్కవచ్చు. మన శ్రీహరికోట నుంచి 2023 మే 29న ఎగిరిన ఎన్‌వీఎస్-01 ఉపగ్రహంతో మన నావిక్ వ్యవస్థకీ ఎల్1 సంకేతం వచ్చింది. చేతి వాచీల్లాంటి చిన్న పరికరాలు అందుకోవాలన్నదే దాని ఉద్దేశం. షాపుకెళ్లి ‘నావిక్ ఉందా బాబూ?’ అని అడగండి. ‘బ్లూటూత్ ఉంది సార్’ అంటాడు ఆ కుర్రాడు. అలిగి వచ్చేయండి. ఏప్రిల్ కూడా గడిచినట్టే.

3. హిమాలయాలకు సరిపడా బ్యాటరీ చూడండి

ఎంత నింపాదిగా పరిగెత్తినా మారథాన్ ఏడెనిమిది గంటల్లో తేలిపోతుంది. దక్షిణాఫ్రికాలో జరిగే కామ్రేడ్స్ పోటీ సుమారు 90 కిలోమీటర్లు. దానికి గడువు 12 గంటలు. సైకిల్ మీద 600 కిలోమీటర్ల బ్రెవే అనే దూరపు సవారీ తొక్కే రాండనీర్లకు 40 గంటల గడువు ఉంటుంది. రెండు రాత్రులు రోడ్డు మీద గడిపే ఆ మనుషులు బ్యాటరీ గురించి అడిగితే అర్థముంది. మీరు పరిగెత్తేది గంటన్నర. వచ్చాక వాచీని ఫోను పక్కనే చార్జింగ్‌కి పెడతారు. అందుచేత వంద గంటలకి తక్కువైతే ముట్టుకోకండి.

సోలార్ చార్జింగ్ ఉంటే మరీ మంచిది. హైదరాబాద్ ఎండకి భయపడి మీరు పరిగెత్తేది తెల్లవారుజామున నాలుగున్నరకి. పగలంతా వాచీ ఆఫీసులో ఏసీ కింద, ఫుల్‌హ్యాండ్స్ చొక్కా లోపల ఉంటుంది. సూర్యుడు తన వంతు సాయం చేస్తాడు.

తెర విషయంలోనూ ఇదే పద్ధతి. అమోలెడ్ తెర రంగుల్లో మెరిసిపోతుంది, బ్యాటరీ తాగుతుంది. పాతరకం ఎంఐపీ తెర వెలవెలబోయినట్టుంటుంది గానీ ఎండ ఎంత ముదిరితే అంత స్పష్టంగా కనపడుతుంది. చీకట్లో పరిగెత్తే మీరు ఎండకి పనికొచ్చే తెర కొనండి. లేదా వంద గంటల బ్యాటరీ కావాలంటూనే తెర ఎప్పుడూ వెలుగుతూ ఉండాలనండి. రెండూ కుదరవని ఎవరైనా చెబితే వచ్చే మోడల్‌లో కుదురుతుందనండి.

4. గుండె మాట మణికట్టునే అడగండి

వాచీ అడుగున పచ్చ లైట్లు వెలుగుతుంటాయి. చర్మం కింద రక్తం పొంగినప్పుడల్లా ఆ వెలుగు తిరిగివచ్చే తీరు మారుతుంది. దాన్నిబట్టి గుండె వేగం లెక్కవేస్తారు. బెల్టు వదులైనా, చలికి రక్తనాళాలు ముడుచుకున్నా, చర్మం మీద పచ్చబొట్టు ఉన్నా లెక్క తప్పుతుంది. ఒక్కోసారి మీ అడుగులనే గుండె చప్పుడనుకుని నిమిషానికి 170 చూపిస్తుంది. మీరు పక్కవాడితో కబుర్లాడుతూ హాయిగా సాగుతుంటారు, వాచీ మాత్రం ప్రాణం మీదికి వచ్చిందని కంగారుపడుతుంది. అలాంటప్పుడు వాచీనే నమ్మి రోడ్డు పక్కన కూర్చోండి.

ఛాతీకి కట్టుకునే స్ట్రాప్ గుండెలోని విద్యుత్తునే నేరుగా పట్టుకుంటుంది. కొన్ని వేలకే దొరుకుతుంది, పైగా సాదా వాచీతోనూ పనిచేస్తుంది. చొక్కా లోపల ఉంటుంది కాబట్టి ఎవరికీ కనపడదు. కనపడని వస్తువు మీద డబ్బు ఖర్చు చేయడం మన పద్ధతి కాదు.

గరిష్ఠ గుండె వేగం ఎంతో తెలుసుకోవడానికి 220లోంచి వయసు తీసేయండి. నలభై ఏళ్లవారికి 180. తనాకా బృందం 2001లో ప్రకటించిన సూత్రం ప్రకారం వయసుని 0.7తో గుణించి 208లోంచి తీసేయాలి. నలభైకి ఇదీ 180 దగ్గరే ఆగుతుంది; అరవైకి మాత్రం ఒకటి 160 అంటే ఇంకోటి 166 అంటుంది. రెండూ సగటు మనుషుల లెక్కలు. అసలు మనిషి పది పన్నెండు అంకెలు అటో ఇటో ఉండటం మామూలే. వాచీ ఈ సగటు అంకె మీద అయిదు జోన్లు కట్టి రంగులు పూస్తుంది. పునాది సంగతి మరిచిపోండి, రంగులు చూడండి.

5. తేలిక పరుగుని కష్టపడి సాధించండి

నార్వేలో స్థిరపడిన అమెరికన్ శాస్త్రవేత్త స్టీఫెన్ సైలర్ మేటి క్రీడాకారుల శిక్షణ పరిశీలించి, అందులో దాదాపు 80 శాతం తేలికగానే సాగుతుందని చూపాడు. తేలికంటే ఏమిటి? పూర్తి వాక్యాలు మాట్లాడుతూ పరిగెత్తగలిగేంత. పక్కవాడు నిన్న చూసిన సినిమా కథ చెబుతుంటే మధ్యలో ‘అదేంటి, హీరోయిన్ ఏమైంది?’ అని మీరు అడగగలిగితే అది తేలిక పరుగే. ఈ పరీక్షకి చార్జింగ్ అక్కర్లేదు, ఈఎంఐ లేదు. కనుక దీన్ని శాస్త్రీయమని ఎవరూ ఒప్పుకోరు.

మీరు మాత్రం వాచీలో తేలిక పరుగుకని జోన్ 2 అలారం పెట్టుకోండి. ఫ్లైఓవర్ ఎక్కితే అరుస్తుంది, దిగితే ఇంకో రకంగా అరుస్తుంది. గ్రూపులో అందరూ మాట్లాడుకుంటూ ముందుకి సాగిపోతారు. మీరు వెనక ఒంటరిగా, వాచీతో గొడవపడుతూ రండి.

6. ఒంటి సంగతి ఒంటిని అడక్కండి

ఒళ్లు అత్యధికంగా ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో చెప్పే అంకె వీఓ2 మ్యాక్స్. దాని అసలు కొలత ల్యాబులో జరుగుతుంది. మూతికి మాస్కు కట్టి, ట్రెడ్‌మిల్ మీద ఇక చాలు బాబోయ్ అనేదాకా పరిగెత్తించి, పీల్చిన గాలినీ వదిలిన గాలినీ లెక్కగడతారు. వాచీ అంత శ్రమ పెట్టదు. వేగానికీ గుండె చప్పుడుకీ ఉన్న పొత్తు చూసి అంచనా వేస్తుంది. వేడికి అదే వేగంలో గుండె ఎక్కువ కొట్టుకుంటుంది కాబట్టి మే నెలలో ఈ అంకె దిగజారడం, డిసెంబరులో లేవడం తరచూ జరుగుతుంది. పద్ధతిగా ఆలోచించండి: డిసెంబరులో పెరిగింది మీ కృషి వల్ల, మేలో తగ్గింది వాచీ లోపం వల్ల.

నిద్ర కూడా అంతే. ‘రాత్రి బాగా నిద్రపట్టిందా అండీ?’ అని మీ ఆవిడ అడిగితే తొందరపడి జవాబివ్వకండి. ‘ఉండు, సింక్ అవుతోంది’ అనండి. స్కోరు 48 అని వస్తే అప్పటిదాకా ఉన్న హుషారు వెంటనే తీసేసి, ఆవలించి, ఆ రోజు పరుగు మానేయండి. మోకాలు నొప్పిగా ఉండి వాచీ ‘సిద్ధం’ అంటే మాత్రం 30 కిలోమీటర్లు వెళ్లండి. మోకాలికి సెన్సర్ లేదు కదా.

7. ఖర్చుని రోజుల్లోకి మార్చండి

లక్ష రూపాయలంటే ఇంట్లో ఒప్పుకోరు. పదేళ్లు వాడతానని చెప్పి భాగించండి. రోజుకి ఇరవై ఏడు రూపాయలు. దాదాపు ఇరానీ చాయ్ ఖర్చే! రెండేళ్లకే కొత్త మోడల్‌కి మారితే రోజుకి నూట ముప్పై ఏడు పడుతుంది. ఆ లెక్క ఎవరిముందూ వేయకండి. ‘ఆరోగ్యం కంటే డబ్బు ఎక్కువా?’ అనే మాట చివరికి దాచుకోండి.

8. నిర్వాహకులతో తగువు పెట్టుకోండి

పోటీ రోజున మీ వాచీ 42.7 కిలోమీటర్లు చూపిస్తుంది. దారి తప్పు కొలిచారని గ్రూపులో ధ్వజమెత్తండి. గుర్తింపు పొందిన దారులను కొలిచేవాళ్లు సైకిల్ చక్రానికి చుట్లు లెక్కపెట్టే జోన్స్ కౌంటర్ బిగించి, మలుపుల్లో లోపలి అంచు పట్టుకుని అతి దగ్గర దారిన తొక్కుకుంటూ వెళతారు. పొరపాటున కూడా తగ్గకూడదని వెయ్యికి ఒకటి చొప్పున, అంటే మారథాన్‌కి 42 మీటర్లు, అదనంగా కలుపుతారు. మీరేమో మంచినీళ్ల బల్ల కోసం ఎడమకి, ఫొటోగ్రాఫర్ కోసం కుడికి, నీడ కోసం మళ్లీ ఎడమకి వెళ్లారు. అయినా సైకిల్ మాట ఎవరు వింటారు? వాచీలో 42.195 పడిన క్షణానికి స్క్రీన్‌షాట్ తీసి, అదే మీ అసలు టైమని ప్రకటించండి.

పరుగు స్ట్రావా యాప్‌లో పెట్టేటప్పుడు ఇంటి చుట్టుపక్కల దారి దాచే ఏర్పాటు ఉంటుంది, దాన్ని వాడకండి. సైనికుల పరుగు దారుల వల్ల రహస్య స్థావరాల ఆనవాళ్లే ఆ యాప్ మ్యాపులో తేలిన సంగతి 2018 జనవరిలో బయటపడింది. మీ ఇంటి గుమ్మానికి ఆ పాటి ప్రఖ్యాతి ఉండొద్దా?

9. చరిత్ర తెలిసినవాళ్లకి దూరంగా ఉండండి

గ్రూపులో ఒక పెద్దాయన ఉంటారు. శివ్‌నాథ్ సింగ్ పేరెత్తుతారు. 1978లో జలంధర్‌లో ఆయన 2 గంటల 12 నిమిషాల్లో మారథాన్ పూర్తిచేశాడని, తరచూ వట్టి కాళ్లతోనే పరిగెత్తేవాడని, ఆ జాతీయ రికార్డు దశాబ్దాలపాటు చెక్కుచెదరలేదని చెబుతారు. వినయంగా వినండి. తర్వాత, మొదటి జీపీఎస్ ఉపగ్రహం పైకి వెళ్లింది కూడా ఆ 1978లోనే అని గుర్తుచేయండి. పాపం, ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే తన రికవరీ స్కోరెంతో శివ్‌నాథ్‌కీ తెలిసేది.

10. పాత వాచీని జాగ్రత్తగా వదిలించుకోండి

కొత్తది కొనాలనుకున్నాక పాత వాచీని బావమరిదికి ఇవ్వొద్దు. అతను మాన్యువల్ చదవడు. జోన్లు పెట్టుకోడు, నిద్ర స్కోరు చూడడు. పొద్దున్నే లేచి, స్టార్ట్ నొక్కి, పరిగెత్తి, స్టాప్ నొక్కి, స్నానం చేసి ఆఫీసుకి పోతాడు. వారానికి నాలుగు రోజులు, అయిదు నెలలపాటు ఇదే పని చేస్తాడు. ఆగస్టులో మీకంటే గంట ముందు గచ్చిబౌలి చేరి, మెడల్ మెడలో వేసుకుని, అరటిపండు తింటూ ‘ఏం బావా, ఇంత ఆలస్యం?’ అంటాడు.

అప్పటికే ఇచ్చేసి ఉంటే చేసేదేమీ లేదు. అతని వాచీలో ఎల్5 లేదని, ఆ టైము నమ్మడానికి వీల్లేదని బంధువులందరికీ చెప్పండి.