బోర్డెక్కిన భాష

మా రోజుల్లో, అంటే నేను స్కాట్లాండ్‌లోని లూయిస్ దీవికి డాక్టరుగా వచ్చిన కొత్తలో, దీవి పట్టణమైన స్టోర్నోవే వీధుల్లో స్థానిక భాష గేలిక్‌లో బోర్డు కనిపించడమే అరుదు. మాట మాత్రం అంతా గేలిక్కే. కొట్లో బేరం, చర్చిలో కీర్తన, గుమ్మం ముందు పోట్లాట అన్నీ అందులోనే. వేసవి ముందు పొయ్యిలోకి పీట్ అనే బురదమట్టి కోసేవాళ్లు. ఒకరు బురదనేలను ఇటుకల్లా కోస్తుంటే ఇంకొకరు అందుకుని గట్టున పరిచేవారు. టీ పట్టుకొచ్చిన పిల్లలు అక్కడే నిలబడి పెద్దల కబుర్లు వినేవారు. భాష అలా వచ్చేసేది.

ముసలమ్మలు నాతో ఇంగ్లీషులో ‘బాగానే ఉన్నాను’ అనేవారు. పక్కనున్న నర్సుతో గేలిక్ అందుకుంటే అప్పుడు బయటపడేది అసలు బాధ. బడి సంగతి వేరు: స్కాట్లాండ్ 1872 విద్యా చట్టం గేలిక్ ఊసే ఎత్తలేదు. బళ్లో గేలిక్ మాట్లాడి దెబ్బలు తిన్నవాళ్లుండేవారు. అయినా ఇంట్లో వదల్లేదు.

ఇప్పుడు లూయిస్, చుట్టుపక్కల దీవుల పాలన చూసే కౌన్సిలు గేలిక్ కోసం చెయ్యని పని లేదు. 1975లో ఏర్పడగానే రెండు భాషల విధానం పెట్టింది. 1997లో గేలిక్ పేరునే అధికారికంగా పెట్టుకుంది. 2020 నుంచి, తల్లిదండ్రులు వద్దంటే తప్ప, ఒకటో తరగతి పిల్లల్ని గేలిక్ మీడియంలోనే చేర్చుకుంటానంది. మెచ్చుకోవాల్సిందే. కానీ 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో గేలిక్ మాట్లాడేవారు 52 శాతం, 2022లో 45 శాతం. సగం కూడా లేరు!

ఎందుకుంటారు? బడి గంట కొట్టగానే పిల్లలు ఇంగ్లీషులో ఆడుకుంటారు. ఇంటికెళ్తే టీవీ ఇంగ్లీషు, ఫోను ఇంగ్లీషు, అమ్మ మాటా ఇంగ్లీషే. అమ్మానాన్నల్ని అడిగితే ‘బళ్లో నేర్పుతున్నారుగా’ అంటారు. బడి పాఠం నేర్పుతుంది. తిట్టూ, గారాబమూ, అలకా ఇంట్లోనే రావాలి. మా రోజుల్లో ఈ సంగతి ఎవరూ చెప్పాల్సిన అవసరం ఉండేది కాదు.

కౌన్సిలుకూ ఒక మాట. చదువుకున్న కుర్రాళ్లు పని కోసం గ్లాస్గో పోతే ఇక్కడ ఎవరితో మాట్లాడతారు? బోర్డులతో పాటు ఉద్యోగాలూ, కొత్త జంటలకు ఇళ్లూ చూడండి.

అమ్మానాన్నలకు గేలిక్ రాకపోతే తాతా నానమ్మలున్నారు. మనవలతో ఇంగ్లీషులో మాట్లాడడం వాళ్లు ఈ రోజే మానెయ్యాలి. మన తెలుగు ఇళ్లలో పెద్దలకూ నేను చెప్పేది ఇదే.