వయసుకు వంద కలపండి!

మా కాలనీ పార్కులో పొద్దున్నే బీపీ మహాసభ జరుగుతుంది. అధ్యక్షులు రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన సూత్రం ఒక్కటే: వయసుకు వంద కలిపితే ఎంతో, అంత బీపీ ఉండొచ్చు. 72 ఏళ్ల పెద్దాయనకి 172 వస్తే సభ్యులంతా "కరెక్టుగా ఉందండీ" అని భుజం తడతారు. ఈ లెక్కన తొంభై దాటిన తాతగారికి 190 రాకపోతే ఆయనకేదో జబ్బు చేసిందని కంగారుపడాలి కాబోలు!

140/90 దాటితే జాగ్రత్తపడమని డాక్టర్లంటే, అది మందుల కంపెనీల కుట్ర అని సభ తీర్మానిస్తుంది. పోనీ, ముసలితనంలో మందులు దండగేనా? 80 దాటినవాళ్ల మీదే హైవెట్ అనే అధ్యయనం చేసి 2008లో ఫలితాలు ప్రకటించారు. బీపీ మందు వాడినవాళ్లలో, ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లకన్నా, గుండె వైఫల్యం 64 శాతం, మరణాలు 21 శాతం తక్కువ. ఈ కబురు పార్కు దాకా రాలేదు. వాట్సాప్‌లో వెల్లుల్లి రెబ్బ వైద్యం మాత్రం రోజూ వస్తుంది.

రెండో తీర్మానం ఇంకా ఘనమైనది: "నార్మల్‌కొచ్చేసింది, ఇంక మాత్రెందుకు?" మాత్ర వేసుకుంటున్నారు కాబట్టే నార్మల్‌కొచ్చింది మహాశయా! మాత్ర పనిచేయడమే దాన్ని మానడానికి కారణమైతే, పనిచేయని మాత్రనే జీవితాంతం మింగాలన్నమాట. "మందులతో కిడ్నీలు పోతాయి" అని ఇంకొకాయన భయపెడతాడు. అదుపు తప్పిన బీపీయే కిడ్నీలను తినేస్తుందని ఎవరూ చెప్పరు.

ఉప్పు విషయంలో మాత్రం అందరూ మహా నిష్ఠాపరులు. కూరలో ఉప్పు తగ్గించమని ఇల్లాలిని కసురుకుంటారు. అదే కంచంలో ఆవకాయ బద్ద, రెండు అప్పడాలు, పెరుగన్నంలోకి చల్లమిరపకాయ. మజ్జిగలో సైంధవ లవణం, అదేదో ఉప్పు కానట్టు! రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే, అంటే టీ చెంచాడు లోపే చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. అందులో ఆవకాయకి మినహాయింపేమీ లేదు.

"నాకు తలనొప్పే లేదు, బీపీ ఎక్కడిది?" అని ధీమాగా ఉండకండి. మూతి వంకరపోయి, చెయ్యి పడిపోయేదాకా అది చాలామందికి ఏ కబురూ పంపదు. అయిదు నిమిషాలు కుదురుగా కూర్చుని, చొక్కా చెయ్యి పైకి తీసి, కబుర్లాపి బీపీ చూపించుకోండి. మాత్ర మానాలనుంటే, రాసిచ్చిన డాక్టరునే అడగండి. సభాధ్యక్షులవారికి పక్షవాతం వైద్యం చేయడం రాదు.