కాడి దించినా గంట తియ్యలేదు

నేను 60 నిండి దిగిపోయాక, 2025లో సర్కారు యూనివర్సిటీ పంతుళ్ల రిటైర్మెంటు వయసును 65 చేసింది. నా జాతకంలో ఏదైనా బస్సు పోయాకే వస్తుంది. 'ఎమెరిటస్ ప్రొఫెసర్' కాగితమూ అట్లే, నా కుర్చీలో ఇంకొకరు కూచున్నాక వచ్చింది.

దాన్ని పట్టుకుని అమ్రాబాద్‌లో మా బామ్మర్ది ఇంటికి పోయాను. వాడు కొట్టంలో ఉన్నాడు, పొడ తూర్పు ఎడ్ల నడుమ. ఒంటినిండా పొడలతో, నల్లమల రాళ్లలో నడిచీ నడిచీ గట్టిపడ్డ గిట్టలతో ఆ జాతి అందమే వేరు.

"ఏంది బావా, మళ్ల నౌకరిచ్చిండ్రా?"

"నౌకరి కాదు, గౌరవం."

"జీతమెంత?"

"లేదు. యూజీసీ ఫెలోషిప్ అని వేరే ఒకటుండేది, నెలకు 31,000 చొప్పున రెండేళ్లు. నాది అది కాదు."

"రూమన్న ఇచ్చిండ్రా?"

"ఇచ్చారు. పాత ప్రశ్నపత్రాల కట్టలూ అందులోనే ఉంటాయి."

ఇట్లా లాభం లేదని చరిత్ర ఎత్తుకున్నాను. ఎమెరిటస్ అంటే లాటిన్‌లో కొలువు ముగించుకున్న రోమన్ సైనికుడన్నాను. అట్లాంటి వాళ్లకోసం క్రీ.పూ. 25లో స్పెయిన్‌లో ఏకంగా ఊరే కట్టారు, ఇప్పటి మెరీదా.

"వాళ్లకు ఊరు. నీకు?"

రోమ్‌ను వదిలేసి నల్లమలకు వచ్చాను. "మీ అడవిలో చెంచుల నడుమ తిరిగి 1943లో పుస్తకమేసిన హైమన్‌డార్ఫ్, 1976లో లండన్‌లో రిటైరై ఎమెరిటస్ అయ్యాడు. ఆ తర్వాత, 1982లో కూడా మన గిరిజనుల మీద పుస్తకం తెచ్చాడు."

"నువ్వు ఆఖరికెప్పుడు రాసినవ్?"

మా బిడ్డ పదో తరగతిలో ఉన్నప్పుడు. ఆమెకిప్పుడు ఇద్దరు పిల్లలు. ఆ వివరాలు వాడికెందుకని చాయ్ అడిగాను.

కొట్టం మూలన ముసలెద్దు ఒకటి. ఈ ఏడే కాడి దించారట, మెడలో గంట మాత్రం ఉంది.

"గంట తీస్తే మేత ముట్టలే బావా. మళ్ల కట్టిన. ఇప్పుడు పొద్దుగాల్నే తల ఊపుకుంట, దున్నబోయేటట్టే నిలబడ్తది." నా కాగితం వైపు చూశాడు. "గిదే గదా?"

ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పాను గానీ, ఇంత పొట్టి నిర్వచనం ఒక్కనాడూ నా నోట రాలేదు.

పోయిన వారం వాడు ఫోన్ చేశాడు. స్పీకర్ ఆన్‌లో ఉంది.

"బావా, ఎమెరిటస్‌కు రెండు దినాలసంది పాణం బాగలేదు. కడుపు కదుల్తలేదు."

మా ఆవిడ గరిటెతో సహా వంటింట్లోంచి వచ్చింది. "మీ సంగతి మా తమ్మునికెవరు చెప్పిండ్రు?"